సంతకు పోయి తిరిగొచ్చిన కోడిపెట్ట

ఆ ముసలామె కోడిపెట్టను అమ్మిందా, అమ్మలేదా? ఏడాది పొడుగునా నా ప్రాణం తోడేసిన సంగతి ఇదొక్కటే. నాకు చదువు రాదు. నా పేరు కూడబలుక్కుని రాస్తాను, అంతవరకే. ఇప్పుడు నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తనకు నచ్చినట్టు దిద్దేస్తుందేమోనని నాలుగు మాటలకోసారి మళ్లీ చదివించుకుంటున్నాను. ఆమెకు విసుగొస్తోంది. రానీ. తన పరీక్ష కోసం నేను పడిన విసుగులో ఇది పావు వంతు కూడా కాదు.

మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె, దున్నుకు బతికే ఇల్లు. నా పెనిమిటి ఫారెస్టు గార్డు పని మీద అరకు కొండల మీదికి వచ్చాడు. ఆయన వెనక నేను, నా చంకలో పిల్ల. మూడో ఏడు మన్యం జ్వరం ఆయన్ని తీసుకుపోయింది. మా మరిది వచ్చి, "ఈ కొండల్లో ఏటుంది వొదినా, ఎల్లిపోదాం రా" అన్నాడు. పోతే వాళ్ల పెరట్లో పేడ ఎత్తుకుంటూ తోటికోడలి చేత మాటలు పడాలి. పోలేదు. మిషన్ వాళ్ల చిన్న ఆస్పత్రిలో వంటకు కుదిరాను. రోగులకు గంజి, చోడంబలి. సిస్టర్లకు రొట్టె. మధ్యాహ్నం తీరిక దొరికితే అడ్డాకులతో విస్తళ్లు కుట్టేదాన్ని. కొండ దిగువన కోట అనే ఊరి వర్తకుడు వాటిని బండి మీద పట్టుకుపోయేవాడు.

పిల్ల ఆ సిస్టర్ల బడిలోనే చదివింది. గూడెం వైపు పితూరీ చల్లారిన మరుసటి ఏడు తన చదువు అయిపోయింది. ఇక ఆస్పత్రిలో కట్లు కట్టే పనిలో పెడదామని నేను అనుకుంటుంటే, మద్రాసు పోయి కాలేజీలో చేరతాను, డాక్టరు చదువు చదువుతాను అని కూర్చుంది. మా ఆస్పత్రిలో ఉన్నది కాంపౌండరే. డాక్టరు నెలకోసారి గుర్రం మీద వచ్చేవాడు. జ్వరాలు ఆ గుర్రం వచ్చేదాకా ఆగేవి కావు. అది చూసి పెరిగిన పిల్ల కాబట్టి నేను ఎదురు చెప్పలేకపోయాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మా బడికి సర్కారు గుర్తింపు లేదు. అందులో చదివినవాళ్లు కాలేజీకి పోవాలంటే ప్రయివేటుగా కట్టుకునే సీమ పరీక్ష, ఇంగ్లీషు దొరల దేశం వాళ్లు పెట్టేది, ఒక్కటే దారి. ఆ ప్రశ్నల కాగితాలు సీలు వేసిన కవర్లలో ఓడ మీద వస్తాయట. ఇక్కడ రాసేవాళ్లకీ, సింహళంలో రాసేవాళ్లకీ, సీమలో రాసేవాళ్లకీ అవే ప్రశ్నలు. ఇంగ్లీషు కాక ఇంకో భాషలో కూడా నెగ్గాలి. ఆ భాషల పట్టిక అచ్చు వేసి పంపారు. అందులో తెలుగు లేదు. మా పిల్లకు తెలుగు వచ్చు, కొండవాళ్ల ఒరియా వచ్చు, ఆ రెండూ లేవు. ఎక్కడెక్కడి భాషలన్నీ ఉన్నాయి.

మా పెద్ద సిస్టరమ్మది స్పెయిన్ దేశం. డెబ్బై ఏళ్ల మనిషి. తెలుగు ప్రార్థన పుస్తకాలు చదివి నేర్చుకుంది కాబట్టి ఉప్పు అడిగినా దేవుణ్ణి అడిగినట్టే అడిగేది. పట్టికలో తన భాష చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది.

"నీవు భయపడవలదు. నేను నేర్పుదును" అంది పిల్లతో.

నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "ఆ బాస మాటాడీవోలు ఈ కొండల్లో ఎందరున్నారమ్మగోరూ?" అని అడిగాను.

ఆవిడ ఆలోచించింది కూడా. "ఒకతె" అంది. "నేనే."

అలా మొదలైంది. ఆ భాషలో నాలుకను గిరగిర తిప్పి పలికే శబ్దం ఒకటుంది. అది పట్టుబడే దాకా మా పిల్ల ఊటకు పోతూ ర్ర్ర్, కడవ ముంచుతూ ర్ర్ర్, పొయ్యి ముందు ర్ర్ర్. అంబలి మాడిపోయినా తెలిసేది కాదు. ఊట దగ్గర కొండ ఆడవాళ్లు నన్ను పట్టుకుని, "గుంటకి గాలి సోకినట్టుందప్పా, బేగి దిసారి కాడికి తీసుకెల్లు" అన్నారు. దిసారి అంటే వాళ్లకు మంచిచెడ్డలు చూసి చెప్పే పెద్ద. నేను ఏమని చెప్పను? చదువు సోకిందని చెప్పాను. దానికి మందు లేదా అని అడిగారు.

రాత పరీక్షతో పోయేది కాదది. నోటి పరీక్ష కూడా ఉంది. నేర్చుకున్న పాఠం ఒకటి ఆగకుండా అప్పజెప్పాలి. తరువాత పరీక్ష పెట్టే దొర దాని మీద ఏవో అడుగుతాడు, ఆ భాషలోనే జవాబు చెప్పాలి. ఏ పాఠం అప్పజెబుతారో ముందే ఫారంలో రాసి పంపాలి. పంపాక మార్చడానికి లేదు. సిస్టరమ్మ దగ్గర ఉన్నది ఒకటే పాత వాచకం. అందులో తను చిన్నప్పుడు ఇష్టపడిన పాఠం పేరు రాసి పంపింది. ఒక ముసలామె కోడిపెట్టను చంకన పెట్టుకుని సంతకు పోతుంది. అదీ పాఠం. ఇన్ని దేశాలు దాటి వచ్చిన చదువులో కూడా ఉన్నది సంతా కోడిపెట్టేనా అని నేను నవ్వాను. అప్పుడు నవ్వాను.

అదే వానాకాలం సిస్టరమ్మ మంచం పట్టింది. జ్వరం ముదరక ముందే నన్ను పిలిచి, "ప్రతిదినము నీ కుమార్తె నీకు అప్పజెప్పవలెను" అంది.

"నాకేటి తెలుసునని వింటానండీ?"

"చెవులు కలవు గదా" అంది.

చెవులు ఉన్నాయి కాబట్టి కూర్చున్నాను. ఒట్టి చేతులతో కూర్చోవడం నాకు చేతకాదు. అడ్డాకులు ముందు వేసుకుని విస్తళ్లు కుడుతూ విన్నాను. పిల్ల ఒక ముక్క చెప్పి ఊపిరి తీసుకుంటుంది, నేను ఒక ఆకు పెట్టి పుల్ల గుచ్చుతాను. మళ్లీ ఒక ముక్క, మళ్లీ ఒక ఆకు. నాలుగు రోజులకు నాకు లెక్క తెలిసిపోయింది. సంత దాకా పాఠం రెండు విస్తళ్లూ, మూడోదానిలో సగమూ. ఎక్కడన్నా ముక్క మింగేసిందంటే నా విస్తరిలో ఆకు తక్కువ పడేది.

"ఏదో వొగ్గేసావు. మల్లీ సెప్పు."

"నీకెలా తెలిసిందే అమ్మా?"

"ఇదిగో, ఇక్కడ బొక్క. సెప్పు."

ఒక్క మాటకు అర్థం తెలియకుండానే అంతవరకూ నాకు కంఠతా వచ్చేసింది. గంజి తిప్పుతుంటే నోట్లో అదే ఆడేది.

ఆ వానల్లో వాచకానికి చెదలు పట్టాయి. పెట్టె తీసి చూసేసరికి ముసలామె సంతకు చేరిన పేజీ కింది సగం పొడి పొడి అయిపోయింది. సిస్టరమ్మ ఒళ్లు తెలియని జ్వరంలో ఉంది. సంత తరువాతి ముక్క పిల్ల ఇంకా కంఠతా పట్టలేదు; సిస్టరమ్మ చదివి వినిపించిన దాంట్లో తనకు గుర్తున్నంత గుర్తు తెచ్చుకుని, గుర్తులేని చోట తనకు తోచింది పెట్టుకుని, ఆ సగం పూడ్చింది. నాకు అప్పజెప్పింది. నేను ఆకులు పెట్టాను. మూడో విస్తరి నిండింది. ఇంకేం కావాలి?

వారం పోయాక నసుగుతూ వచ్చింది. "అమ్మా, ఇది ఇలగ కాదేమోనే. పెట్టని అమ్మేసిందనే సెప్తన్నాను గానీ, నాకేటో అనుమానంగా ఉంది."

నాకు ఒళ్లు మండింది. "మొదటి దినం ఎలగ సెప్పావో అలగే సెప్పు. రోజుకో మాట సెప్తే ఆ దొర ఊరుకుంటాడేటి?"

నేను పుట్టిన చోట మాట నిలబెట్టుకోవడం అంటే అదే. మొదట చెప్పిందే మాట. పిల్ల నా మాట విన్నది. రెండు నెలలు రోజూ ఆ కోడిపెట్టను అమ్మించాను.

కార్తీకంలో సిస్టరమ్మ లేచింది. ఎముకలకు బట్ట కట్టినట్టుంది. ఎండలో కుర్చీ వేయించుకుని పాఠం వింటానంది. పిల్ల మొదలుపెట్టింది. ఆవిడ కళ్లు మూసుకుని తల ఊపుతోంది. సంత వచ్చింది. కళ్లు తెరిచింది. ఇంకాస్త పోయాక చెయ్యి ఎత్తి ఆపేసింది.

"అమ్మలేదు!" అంది. "ఆ వృద్ధురాలు కోడిని అమ్మలేదు! తిరిగి గృహమునకు తెచ్చుకొనెను!"

నేను గరిటె పట్టుకునే బయటకు వచ్చాను. "మరి సంతకెందుకు తీసుకెల్లిందండీ?"

"అదియే పాఠము" అంది ఆవిడ.

తన చేత్తో ఆ సగం పేజీ మళ్లీ రాసిచ్చింది. పిల్ల చూసి చదివితే బాగానే చదివేది. కాగితం పక్కన పెడితే సంత దగ్గరికి వచ్చేసరికి నోరు పాత దారి పట్టేది. మేకను కొత్త పాకకు తోలితే పాత పాకకే పోయినట్టు. సగం మాట పాతది, సగం కొత్తది, మధ్యలో ఆగిపోయేది. నేను కొత్త లెక్కకు ఆకులు పెట్టబోతే నా చెయ్యీ పాత లెక్కకే పోయేది. మాఘం అయింది. ఫాల్గుణం వచ్చింది. అక్కడే ఆగేది.

ఒకనాడు ఆకుల కట్ట విసిరి కొట్టింది. "నీ వల్లే! అనుమానంగా ఉందని నాను సెప్తే ఇన్నావా?"

"నా వల్లేటి? సెదల్ని నాను పెంచానా? నీ బుర్రలోంచి తీసి కూరమని నాను సెప్పానా?"

"నువ్వే అన్నావు మొదటి దినం ఎలగ సెప్పావో అలగే అని!"

అన్నాను. ఏం చేసేది? ఆకులు ఏరుకున్నాను.

అప్పటికి సిస్టరమ్మ ప్రయాణం కూడా ఖాయమైంది. ఈ కొండలు ఇక ఆవిడ ఒంటికి పడవని, ఎండలు తగ్గగానే ఓడ ఎక్కించి వాళ్ల దేశం పంపించేస్తారు. తరువాత ఆ భాష నేర్పే మనిషి మాకు ఈ లోకంలో లేదు. పాఠం మధ్యలో ఆగితే నోటి పరీక్ష పోయినట్టే. అది పోతే భాష పోయింది, భాష పోతే కాలేజీ లేదు. మళ్లీ ఏడు కట్టుకుందాం అనే మాట మాకు లేదు.

పరీక్ష విశాఖపట్నంలో. ఫలానా రోజని చీటీ వచ్చేసరికి చేతిలో నాలుగు రోజులే ఉన్నాయి. అందులోనూ చైత్రం. సీమలో కూర్చుని రోజు పెట్టినవాళ్లకు చైత్రం అంటే ఏం తెలుసు? కొండ మీద ఉన్న మాకు తెలియాలి. ఇటుకల పండుగ. మగవాళ్లంతా వేటకు పోతారు. ఆడవాళ్లు ఊరూరా దారికి అడ్డంగా వాసం కట్టి వచ్చేపోయేవాళ్లను ఆపుతారు. పైసలిస్తే కర్ర ఎత్తుతారు, లేదంటే పాటో ఆటో. వేటకు పోకుండా ఊళ్లో తిరిగే మగవాడు కనిపిస్తే పేడనీళ్లు. నాకు ఇవన్నీ తెలుసు. తెలిసీ కోట వర్తకుడి బండి మాట్లాడాను. ఇంకో దారి ఏముంది?

అనంతగిరి ఇంకా రాకముందే మొదటి వాసం.

"దిగండి, దిగండి! ఊరికే ఎల్లిపోదావనే?" పదిమంది ఆడవాళ్లు ఎద్దుల ముందుకు వచ్చేశారు.

"పరీచ్చకి ఎల్తన్నామప్పా. వొగ్గేయండి, పున్నెముంటాది."

"పరీచ్చో పెల్లో మాకేటి? ఇదేటీ, ఈడు మగోడై ఉండీ ఏటకెల్లకండా బండెక్కి కూకున్నాడు!"

బండివాడు చాప కప్పుకోబోయాడు. "నాను కొండోడ్ని కాదే తల్లీ, కోటోడ్ని!"

"అయితే మీ కోటోలికీ సూపించు!" అని కుండెడు పేడనీళ్లు నెత్తిన పోశారు. ఆ కంపు కోట దాకా మాతో వచ్చింది.

సిస్టరమ్మ ఇచ్చిన దారి ఖర్చు పిల్ల రవికెలో కుట్టి ఉంది, దాన్ని ముట్టుకునేది లేదు. "పాట పాడవే" అన్నాను పిల్లతో. అది కొంగు మొహం మీదికి లాక్కుని బండిలో ఓ మూలకు ఒదిగింది. బతిమాలాను, తిట్టాను. ఉలకలేదు. పొద్దు ఎక్కుతోంది. నాకు పాటలు రావు. నా నోట ఆడేది ఒక్కటే ఉంది. కోపం పట్టలేక దారి మధ్యలో నిలబడి ఆ కోడిపెట్ట పాఠం ఎత్తుకున్నాను. చేతిలో ఆకులు లేవు. కొంగు అంచు పట్టుకుని ముక్కకో మడత వేసుకుంటూ పోయాను.

ఆడవాళ్లు నోరు తెరుచుకుని విన్నారు. సంత దాకా వచ్చాను. నా నోరు దాని అలవాటు ప్రకారం పెట్టను అమ్మేసింది.

"అలగ కాదే అమ్మా!" పిల్ల బండిలోంచి ఒక్క దూకు దూకింది. "అమ్మలేదే! ఎన్ని మార్లు సెప్పాలే నీకు!" అంటూనే అక్కణ్ణించి అందుకుంది. నా మీద కోపంతో చివరి దాకా గడగడ చెప్పేసింది. ఎక్కడా ఆగలేదు. చెప్పేసి, తనే తెల్లబోయి నిలబడింది.

"అదేటి బాసే గుంటా? ఏటంటన్నావు?"

పిల్ల చెప్పింది. "దారంతా సంకలో ఎట్టుకుని ఎల్లింది. పెట్ట గుండె కొట్టుకుంటంటే ఈవిడకి తెలుత్తంది. సంతలో కొనీవోడు దాని కాళ్లట్టుకుని తలకిందులుగా ఏలాడదీసి బరువు సూసాడు. అది సూడనేక తెచ్చేసుకుంది."

"అమ్మకపోతే ఉప్పెవుడిత్తాడు?" అంది ఒకామె. "నానైతే అమ్మేద్దును."

"ఓసి, నీ పెట్ట కాదు గనక అంటన్నావు" అంది ఇంకొకామె.

"నా పెట్టయితే పొద్దుటే అమ్మేద్దును! గుడ్డు పెట్టిందో లేదో ఆ కతలో సెప్పాడేటి?"

వాళ్లలో వాళ్లకే తగువు పడింది. నేను తల పట్టుకున్నాను. చివరకు ఒక ముసలామె కర్ర మీద చెయ్యి వేసి, "గుంటా, ఎందుకమ్మలేదో ఆ బాసలో సెప్పు. సెప్తే ఎత్తుతాం" అంది. పిల్ల తడుముకుంటూ చెప్పింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వాళ్లు దొరల్లాగా తలలు ఊపి విన్నారు. కర్ర లేచింది.

రెండో వాసం దగ్గరకు పోయేసరికి మాకంటే ముందు అడ్డదారిన కబురు పోయింది. "కోడిపెట్ట గుంట వచ్చిందర్రా!" అని ఎదురొచ్చారు. పైసలిస్తామన్నా పుచ్చుకునేలా లేరు, వాళ్లకు కథ కావాలి. ముందు తల్లి చెప్పాలి, తరువాత కూతురు దిద్దాలి. అలాగని కూడా వాళ్లకు తెలిసిపోయింది. నేను మొదలుపెట్టడం, సంత దగ్గర అమ్మేయడం, పిల్ల "అలగ కాదే" అని అందుకోవడం. నేను కావాలనే తప్పు చెప్పి తనకు నేర్పానని మా అమ్మాయి ఇప్పుడు అందరితోనూ అంటుంది. అదేం లేదు. నాకు అలాగే వచ్చింది, ప్రతిసారీ అలాగే వచ్చింది, నా ఒళ్లు మండిపోయింది.

తొమ్మిది వాసాలు. ఒకచోట ముసలామెకు పిల్లలున్నారా అని అడిగారు. ఒకచోట ఇంటికి తెచ్చుకున్న పెట్టను ఏం చేసింది, ముసలితనం వచ్చి చచ్చేదాకా మేపిందా అని అడిగారు. పుస్తకంలో లేదంటే ఒప్పుకోలేదు. ఉన్నా లేకపోయినా ఆ భాషలో చెప్పాలి, చెబితే గాని కర్ర లేవదు. పిల్ల అప్పటికప్పుడు కల్పించి చెప్పింది. బండివాడు ఒక్కో ఊళ్లో ఒక్కో కుండ భరించాడు. రోజున్నరలో దిగాల్సిన దారి రెండు రోజులు దాటింది.

విజయనగరంలో రైలెక్కి విశాఖపట్నంలో దిగేసరికి పరీక్ష నాటి తెల్లవారింది. పిల్ల చీర అంచుకు పేడ. స్టేషను కుళాయి దగ్గర ఉతికి, తడి అంచుతోనే తీసుకుపోయాను. రాత పరీక్ష పొద్దున అయింది, నోటి పరీక్ష మధ్యాహ్నం. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. కిటికీ తెరిచే ఉంది.

పిల్ల గొంతు వినిపించింది. నా చెయ్యి కొంగు అంచు మీదికి దానంతటదే పోయింది. ముక్కకో మడత. ముసలామె ఇల్లు దాటింది, వాగు దాటింది, సంతలో దిగింది. అక్కడ నా వేళ్లు పాత లెక్కకు తిరిగాయి, తప్పు మడత వేశాయి. లోపల గొంతు ఆగలేదు. నేను మడతలు వదిలేసి ఊరికే కూర్చున్నాను. చివరి దాకా పోయింది.

తరువాత దొర ఏదో అడగడం, పిల్ల చెప్పడం, దొర గట్టిగా నవ్వడం వినిపించాయి. దొర నవ్వితే మంచికో చెడుకో తెలియక లేచి గుమ్మం దగ్గరికి పోయాను. బయటకు రాగానే పట్టుకున్నాను. "ఏటడిగాడే?"

"నువ్వయితే ఏం చేస్తావు అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"అమ్మేస్తాను, ఇంట్లో ఉప్పు లేదు అన్నాను."

నెగ్గినట్టు ఆషాఢంలో కాగితం వచ్చింది. అప్పటికి సిస్టరమ్మ ఓడ ఎక్కలేదు, మంచం మీదే ఉంది. పిల్ల ఆ కాగితం చదివి వినిపిస్తే, "ముగ్గురు గురువులు" అంది. ముగ్గురెవరని అడిగితే వేళ్లు మడిచింది: తను, నేను, దారిలో కర్రలు పట్టుకున్న ఆ స్త్రీలు. చెదలను లెక్కలో వేయనందుకు సంతోషించాను. మద్రాసు కాలేజీలో సీటు ఇచ్చారు.

ఇప్పుడు సెలవులకు వచ్చి ఇది రాస్తోంది. ఇంతదాకా రాసి, కలం ఎత్తి, "తొమ్మిది కాదే అమ్మా, ఏడు వాసాలే" అంటోంది. లెక్క పెట్టిందట. నేను కూడా లెక్క పెట్టాను. మొదట నేను ఎలా చెప్పానో అలాగే రాయమన్నాను.